గోడ అవతలి దెబ్బలు

నన్ను కొట్టినవాళ్ల ముఖాలు నాకు గుర్తులేవు. గుర్తున్నది సెలైన్ స్టాండు. మంచం పక్కన నిలబెట్టే ఆ ఇనుప స్టాండును ఒకడు రెండు చేతులతో తలపైకి ఎత్తడం, దాని అడుగున ఉన్న చక్రం ఊడి నేల మీద దొర్లుకుంటూ పోవడం చూశాను. ఆ తర్వాత విన్న చప్పుడు నా దవడ లోపలిది.

అది ఎనభైల చివర. రాయ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా పనిచేసేదాన్ని. మాది కోనసీమ. నర్సింగు చదివి, రైల్వే వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేసే మా ఆయన్ని చేసుకుని ఇక్కడికి వచ్చాను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూరగాయల మార్కెట్లో రెండు జట్లు కత్తులతో కొట్టుకున్నాయి. ఒకతన్ని తోపుడుబండి మీద వేసుకొచ్చారు. పొట్ట అడ్డంగా తెగిపోయి ఉంది. పేగులు బయటికి రాకుండా తడిగుడ్డ పరిచి రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాను. అతను నా మోచెయ్యి పట్టుకుని నీళ్లడిగాడు. పొట్ట తెగినవాడికి నీళ్లివ్వకూడదు. ఇవ్వలేదు. డాక్టరు గ్లవ్స్ తొడుక్కునేలోపే నా మోచేతి మీద అతని పట్టు సడలిపోయింది.

అతను పోయాడన్న మాట వరండాలోకి వెళ్లగానే బయట ఉన్న జనం ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు. ముందు మందుల బీరువా అద్దాలు పగిలాయి. తర్వాత డాక్టరు చొక్కా చిరిగింది. దాహం దాహం అని ఏడుస్తున్నా చుక్క నీళ్లు పొయ్యలేదు, చంపింది ఇదే అని ఎవరో నన్ను చూపించారు. నా చేతులు మోచేతుల దాకా అతని నెత్తురుతోనే ఉన్నాయి. స్టాండు దెబ్బకి కిందపడ్డాక ఇంకా తన్నారు. పక్కటెముకల మీద, వీపు మీద. మా ఆయా నా కాళ్లు పట్టుకుని డ్రెస్సింగు బల్ల కిందికి లాగకపోతే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

దవడ రెండుచోట్ల విరిగింది. పళ్లని తీగలతో బిగించి కట్టారు. వారాల తరబడి గంజీ, పాలూ గొట్టంతో పీల్చుకుని బతికాను. నోరు తెరవడానికి లేదు. చూడటానికి వచ్చిన చర్చివాళ్లు చేయి పట్టుకుని ప్రార్థన చేసేవాళ్లు. క్షమించు తల్లీ, మనసు కుదుటపడుతుంది అనేవాళ్లు. నేను తల ఊపేదాన్ని. లోపల మాత్రం ఆ స్టాండు నా చేతిలో ఉండేది. ఒక్కొక్కళ్లనీ వరసగా బాదేదాన్ని. వాళ్ల ముఖాలు తెలియవు గనక ఎవరి ముఖం దొరికితే ఆ ముఖం పెట్టుకునేదాన్ని. కొన్నిసార్లు అది మా ఆయన ముఖం. పాపం, ఆయన చేసిందల్లా నా పక్కన కూర్చుని అన్నం నమలడమే. ఆ నమిలే చప్పుడు భరించలేక ఒకసారి స్టీలు గ్లాసు విసిరికొట్టాను. కనుబొమ్మ చిట్లింది. ఆయన నెత్తురు తుడుచుకుని, గ్లాసు తీసి కడిగి బోర్లించారు. అది చూస్తే నాకు ఇంకా మండింది.

తీగలు తీసేశాక కూడా అది పోలేదు. అప్పటికి మేం ఊరి అంచున మోవాలో ఒక వరస ఇళ్లలో అద్దెకు ఉండేవాళ్లం. ఎదురుగా పొలాలు. ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ పొద్దున్నే తట్టలో ఆకుకూరలు తెచ్చేది. నాకంటే పెద్దది. గొంతు పెద్దది, గుమ్మంలో నిలబడి అరిచిందంటే వీధి చివరికి వినబడాలి. ఒక రోజు బెండకాయలు కోస్తుంటే ఆ కేక వినబడింది. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసేసరికి గేటు దగ్గర ఉన్నాను, చేతిలో కత్తి ఉంది, ఆవిడ తట్ట వదిలేసి వెనక్కి వెనక్కి నడుస్తోంది.

నేను కత్తి వంక చూశాను. తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు, ఏళ్ల అలవాటు. ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్లు పెట్టి నాడి చూసుకున్నాను. పరుగెత్తి వచ్చినవాళ్లకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నేను ఇంకా కోపంగా ఉన్నాననే అనుకోలేదు, నాడికి మాత్రం అప్పటికే తెలుసు. చెవి కింద, తీగలు బిగించిన చోట, వేడి కుండ ఆనించినట్టు ఉంది. ఇది ఆవిడ మీద కోపం కాదని అప్పుడు తెలిసింది. ఆవిడ గొంతుకీ క్యాజువాలిటీ వరండాలో కేకలకీ నా ఒంటికి తేడా తెలియడం లేదు.

ఆవిడ పారిపోలేదు. మెల్లగా దగ్గరికి వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుంది. "బైఠ్ బాయీ," అంది. ఇద్దరం గేటు పక్కన మట్టిలో కూర్చున్నాం. తర్వాత ఆవిడ లోపలికి వచ్చి, మిగిలిన బెండకాయలు తనే కోసిపెట్టి వెళ్లింది.

ఆ రోజు నుంచి నాడి చూసుకోవడం నాకు పని అయింది. చెవి కింద వేడి మొదలయితే చాలు, ఏం చేస్తున్నా ఆపి, మణికట్టు పట్టుకుని, అది నెమ్మదించే దాకా ఏదీ ముట్టుకునేదాన్ని కాదు. ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. కోపం పోయేదని చెప్పను. అది వస్తోందని నాకు ముందు తెలిసేది, అంతే. తెలిస్తే చేతులు మనవే అవుతాయి.

డ్యూటీలో చేరాక క్యాజువాలిటీ వద్దని చెప్పి ఆడవాళ్ల వార్డు డ్రెస్సింగు గదికి వేయించుకున్నాను. అక్కడికి రకరకాలుగా పడిపోయిన ఆడవాళ్లు వచ్చేవాళ్లు. బావి దగ్గర జారిపడి మెడ మీద వేళ్ల గుర్తులు తెచ్చుకున్నామె. పొయ్యి దగ్గర తూలిపడి వీపు మీద వరసగా వాతలు తేలినామె. ఇదివరకు కట్టు కట్టి పంపించేసేదాన్ని. ఇప్పుడు కట్టు కడుతూ, నన్ను కూడా కొట్టారు, చూడు అని దవడ చూపించేదాన్ని. కొందరు అప్పుడు నోరు విప్పేవాళ్లు. కొందరు విప్పేవాళ్లు కాదు. వాళ్ల పుండు కడిగేంతసేపూ నా లోపలి స్టాండు నా చేతిలో ఉండేది కాదు. ఈ పని నేను వాళ్ల కోసం మొదలుపెట్టానో నా కోసం మొదలుపెట్టానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

తొంభైలు వచ్చాయి. ఊరి బయట సిల్తారాలో ఫ్యాక్టరీలు లేచాయి. స్పాంజ్ ఐరన్ కార్ఖానాలో ఫిట్టరుగా చేరిన ఒకతను పెళ్లాన్నీ, ఆరేళ్ల ఆడపిల్లనీ తీసుకుని మా పక్కింట్లో దిగాడు. శ్రీకాకుళం వాళ్లు. తెలుగు మాట వినబడిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ అమ్మాయికి ఇరవై అయిదు దాటి ఉండవు. మొదటి రోజే గిన్నెతో వచ్చి, "అక్కా, కూసింత కరేపాకు ఎట్టవా," అంది. అతను కూడా మంచిగానే పలకరించేవాడు. మా ఆయనతో కలిసి సైకిళ్లు బాగుచేసుకునేవాడు.

మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఒంటి ఇటుక గోడ. షిఫ్టు దిగి తాగి వచ్చిన రోజు అవతల ఏం జరిగేదో అంతా వినబడేది. ముందు అతని తిట్లు. తర్వాత ఏదో గోడకి తగిలిన చప్పుడు. మా వైపు మేకుకి తగిలించిన క్యాలెండరు ఊగేది. ఆ అమ్మాయి అరిచేది కాదు. అరవకపోవడమే నాకు భయంగా ఉండేది. మా ఆయన రెండుసార్లు వెళ్లి నచ్చచెప్పి వచ్చారు. అతను బుద్ధిగా వినేవాడు, తర్వాత మీ బావ దగ్గర నా పరువు తీశావంటూ మళ్లీ కొట్టేవాడు. నేను మణికట్టు పట్టుకుని మంచం మీద కూర్చునేదాన్ని. నా నాడి నాకు తెలుస్తోంది సరే, అవతల ఆ అమ్మాయి తల పగిలిపోతుంటే నేను నెమ్మదించి ఎవరికి లాభం అనిపించేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. మా ఆయన బజారుకు వెళ్లారు. పక్క పెరట్లోంచి పిల్ల ఏడుపు వినబడింది. ఎప్పుడూ వినబడే ఏడుపు కాదు. గొంతు పూడుకుపోయిన ఏడుపు. బట్టలు బాదే కర్ర చేతిలోనే ఉంది. అలాగే వెళ్లాను.

అతను ఆమె జుట్టు పిడికిట చుట్టుకుని, తలని రుబ్బురోలుకేసి కొడుతున్నాడు. తొందర లేకుండా, కొబ్బరికాయ కొట్టినట్టు. రోలు మీద పిండి ఎర్రగా ఉంది. ఆమె చేతులు వేలాడిపోయి ఉన్నాయి. పిల్ల గోడకి అతుక్కుని నిలబడి ఉచ్చ పోసుకుంది.

వదులు అన్నాను. అతను తల తిప్పి చూశాడు. "నా బీవీని నాను కొట్టుకుంటాను. బీచ్‌మే నువ్వెవురు?" అన్నాడు, మధ్యలో నీకేం పని అన్నట్టు. జుట్టు వదల్లేదు. మళ్లీ తల ఎత్తాడు.

కర్ర అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు కొత్త కాదు. అతను జుట్టు వదిలి రోలు పక్కన కూలబడ్డాడు. రెండో దెబ్బ భుజం మీద వేశాను. అతను మంచి చేతిని తలకి అడ్డం పెట్టుకున్నాడు. మూడో దెబ్బకి కర్ర ఎత్తాను, తల మీదికే ఎత్తాను. ఆ క్షణంలో నాకు ఎంతో హాయిగా ఉంది. ఇన్నేళ్లుగా లోపల బాదుతున్నవాళ్లు అందరికీ కలిపి ఒక తల దొరికింది.

చెవి కింద వేడి అప్పుడు తెలిసింది. నాడి పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు, గొంతులోనే కొట్టుకుంటోంది. ఇతను ఆ మార్కెట్ వాడు కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. పైకే చెప్పుకున్నట్టున్నాను, పిల్ల నా వైపు చూసింది. కర్ర దించాను. దించడానికి పట్టిన బలం కొట్టడానికి పట్టలేదు.

ఆమె తల నుంచి నెత్తురు కారుతూనే ఉంది. తడిబట్ట ఒకటి తెచ్చి గట్టిగా చుట్టి కట్టాను. పిల్లని చంకనేసుకుని, ఆమెని నడిపించుకుంటూ వీధిలోకి వచ్చి రిక్షా ఎక్కించాను. దారంతా ఆమె నా భుజం మీద వాలి ఒకటే మాట చెబుతోంది. "పడిపోనానని సెప్పు అక్కా. నేకపోతే సంపేత్తాడు." ఆసుపత్రిలో నెత్తిన కుట్లు వేశాక, పోలీసు కానిస్టేబులు వచ్చి ఎలా తగిలింది అని అడిగాడు. నేను చెప్పాల్సింది కాదు అది. ఆమె చాలాసేపు పిల్ల వంక చూసింది. తర్వాత కానిస్టేబులుకి అర్థమయ్యేలా హిందీలో, నా మొగుడు కొట్టాడు అని చెప్పింది. అతని చెయ్యి విరగ్గొట్టింది నేను అని నేను చెప్పాను. కానిస్టేబులు రెండూ రాసుకున్నాడు.

ఆమెనీ పిల్లనీ మా ఇంటికే తెచ్చుకున్నాం. మర్నాడు సాయంత్రం అతని అన్నదమ్ములిద్దరు గడ్డపార పట్టుకుని వచ్చారు. తలుపు బందులతో సహా ఊడొచ్చింది. మా ఆయన జీవితంలో ఎవరి మీదా గొంతు లేపిన మనిషి కాదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఒకడు కడుపులో గుద్దాడు. వంగిపోతే మోకాలితో ముఖం మీద కొట్టాడు. ముక్కు పగిలి చొక్కా అంతా తడిసిపోయింది. అయినా గుమ్మం పట్టుకునే ఉన్నారు. వేళ్లు ఊడదీయడానికి రెండోవాడు గడ్డపార తిరగేసి వేళ్ల మీద పొడిచాడు.

వాళ్ల వెనక నుంచి ఆ కూరలావిడ గొంతు వినబడింది. చేతిలో గడ్డి కోసే కొడవలి ఉంది. పొలంలోంచి అలాగే పరుగెత్తుకొచ్చింది. "ఏక్ కదమ్ అఉ ఆబే త కాట్ దేహూఁ," అంది. ఇంకో అడుగు వేస్తే నరికేస్తానని. ఈసారి అరవలేదు, మామూలుగా చెప్పింది. ఆవిడ వెనక వీధి ఆడవాళ్లు ఒకరొకరే వచ్చి నిలబడ్డారు. గడ్డపార వాడు ఆ కొడవలి వంకే చూస్తూ గోడ పక్కనుంచి జరుగుతూ జరుగుతూ వెళ్లిపోయాడు. మా ఆయన వేళ్లలో రెండు మళ్లీ వంగలేదు. ఆ చేత్తోనే రిటైరయ్యే దాకా పనిచేశారు. ఎందుకు నిలబడ్డారని తర్వాత ఒకసారి అడిగితే, నువ్వు గ్లాసు విసిరినప్పుడు నాకు నీ బాధ అర్థమైంది, నేను చెయ్యగలిగింది ఏదీ కనబడలేదు, ఆ రోజు కనబడింది అన్నారు.

కథ ఇక్కడితో కుదుటపడిందని అనుకున్నాను. అతనికి చేతికి కట్టుతో కొన్నాళ్లు లాకప్పు, తర్వాత బెయిలు. ఇల్లు ఖాళీ చేసి సిల్తారా వెళ్లిపోయాడు. ఆమె తల మీద కుట్లు మానాయి. వంట చేసేది, ఇల్లు ఊడ్చేది, నవ్వేది కూడా.

ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింట్లో దెబ్బల చప్పుడు. ఆమె అట్లకాడతో పిల్లని కొడుతోంది. పాలు ఒలకబోసిందట. పిల్ల తొడల మీద, చేతుల మీద ఎర్రగా తేలిపోయింది. పిల్ల అరవడం లేదు. వాళ్లమ్మ లాగే నోరు మూసుకుని నిలబడింది. నాకు ఆ మూసుకున్న నోరు చూస్తే గోడ అవతలి రోజులన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ముందు నా మణికట్టు పట్టుకున్నాను. తర్వాత వెళ్లి ఆమె చేతిలోంచి అట్లకాడ తీసుకున్నాను. కాలిపోతోంది, పెనం మీంచే తీసినట్టుంది.

తిడతాననుకుని ఆమె గోడకి నక్కింది. కింద కూర్చోబెట్టాను. ఆమె వేళ్లు తీసి ఆమె మణికట్టు మీదే పెట్టి నొక్కాను.

"తెలుస్తోందా?"

"కొట్టుకుంటంది."

"ఎవరి మీద?"

ఆమె పిల్ల వైపు చూసింది. "దీని మీద కాదక్కా," అంది. కాసేపటికి, "ఆడి సెయ్యే నాకొచ్చీసింది," అని తన కుడిచేతిని ఎడమచేత్తో గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ చేయి కూడా పట్టుకున్నాను. ఈ చేయి నీదే, దాన్ని కూడా కొట్టకు అన్నాను. ఆ రోజు ఆమె మొదటిసారి గట్టిగా ఏడ్చింది, వీధి చివరికి వినబడేలా. పిల్ల కాలిన చోట్ల మందు రాస్తుంటే దూరం నుంచి చూస్తూ కూర్చుంది. తర్వాత తనే వచ్చి దూది తీసుకుంది.

ఒక్కరోజుతో పోలేదు. ఆమె చేయి ఇంకా ఎన్నిసార్లో లేచింది. కొన్నిసార్లు మధ్యలో ఆగేది, కొన్నిసార్లు పడేది. ఆగినప్పుడు గబగబా పెరట్లోకి వెళ్లి కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడేది. పిల్లకి కూడా చెప్పాం, అమ్మ కుళాయి దగ్గరికి వెళ్తే వెనక వెళ్లకు, పెద్దమ్మ దగ్గరికి రా అని. కొన్నాళ్లకి పిల్ల కూడా ఏదైనా విసరాలనిపించినప్పుడు మణికట్టు పట్టుకోవడం చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డ్రెస్సింగు గదిలో నోరు విప్పినవాళ్లలో ఒకరిద్దరు మధ్యాహ్నాలు మా వరండాకి రావడం అప్పుడే మొదలైంది. కూరలావిడ కూడా తట్ట దించి కూర్చునేది. ఆవిడ కొడుకుని ఎవరో పొలం గట్టు తగాదాలో గొడ్డలితో నరికారని అప్పుడు తెలిసింది. అందుకే మొదటి రోజు కత్తి చూసి కూడా పారిపోలేదు, అలాంటి ముఖం ఆవిడ అంతకుముందే తన అద్దంలో చూసింది. మేం గొప్ప మాటలేం చెప్పుకోలేదు. కోపం ఎవరికి ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో చెప్పుకునేవాళ్లం. ఒకామెకి పొట్టలో, ఒకామెకి అరికాళ్లలో.

పిల్ల తల్లికి మా ఆసుపత్రిలో ఆయాగా పని దొరికింది. తర్వాత దగ్గర్లోని అభన్‌పూర్‌లో చిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు పిలిస్తే పిల్లతో అక్కడికి వెళ్లిపోయింది. ఆమె భర్త ఒకసారి సిల్తారాలో కొలిమి బూడిద పడి కాలిన పాదంతో మా గుమ్మానికి వచ్చాడు. కడిగి కట్టు కట్టాను. ఆమె ఎక్కడుందని అడిగాడు. చెప్పనన్నాను. బూతులు తిట్టాడు, గోడకి తల కొట్టుకున్నాడు. పాదం కదపకుండా తిట్టు అన్నాను. కట్టు మార్చుకోవడానికి మళ్లీ వచ్చాడు. మంచివాడైపోలేదు. పాదం మానింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం అయిన ఏడాది చలికాలంలో నేనూ మా ఆయనా చిన్న రైలెక్కి అభన్‌పూర్ వెళ్లాం. పిల్ల పదో తరగతికి వస్తోంది, పొడుగైపోయింది. పెంకుల కప్పు ఉన్న రెండు గదుల ఇల్లు. లోపల మరో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఒకామె చెయ్యి మెడకి వేలాడగట్టి ఉంది. ఎవరని అడిగితే, "నర్సింగ్ హోమ్‌కి వచ్చినోల్లే అక్కా. పంపీలేక ఉంచీసినాను," అంది.

భోజనానికి కూర్చున్నాక ఇంటి కప్పు మీద రాయి పడింది. వెంటనే ఇంకొకటి. చెయ్యి విరిగిన ఆమె కంచం వదిలి మూలకి జరిగింది. బయట మగగొంతు ఆమె పేరు పెట్టి పిలుస్తోంది. మా ఆయన లేవబోయారు. పిల్ల తల్లి ఆయన భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. పిల్లని పెరటి దారిన ఠాణాకి పంపింది. తను గుమ్మం బయట అరుగు మీద కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. రాళ్లు పడుతూనే ఉన్నాయి. ఒకటి ఆమె భుజానికి తగిలింది. లేవలేదు, తిట్టలేదు. ఠాణా జీపు వచ్చే దాకా అతని వంకే చూస్తూ కూర్చుంది.

లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, మాకు మళ్లీ వడ్డించింది. చేపల పులుసు. నా కంచంలో చిన్న పెంకు ముక్క వచ్చింది. తీసి పక్కన పెట్టి తిన్నాను.